మసి అంటని వేలు

గేటు చప్పుడైంది. వరండా స్తంభానికి బిగించిన, గాలిలో పొగను కొలిచే పెట్టెను విప్పి తీసుకుపోవడానికి నగరపాలక సంస్థ ఉద్యోగి వచ్చాడని గ్రహించగానే లియోనీ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

ఓడరేవుకు పోయే లారీలను మెల్బోర్న్ పడమటి శివారులోని ఆ వీధి నుంచి మూడు నెలలపాటు మళ్లించి చూశారు. గాలి బాగుపడినట్టు పెట్టె తేలిస్తే అవి ఇక తిరిగి రావు. ఆసుపత్రి బట్టలు ఉతికే లియోనీ జీతానికి అందే అద్దె ఇల్లు ఆ లారీల వీధిలోనే దొరికింది. ఏడేళ్ల కూతురు టెస్‌కు ఉబ్బసమూ అక్కడే పట్టుకుంది.

తెల్లవారగానే కిటికీ గట్టు మీద వేలితో గీసి చూసుకోవడం ఆ వీధి ఆడవాళ్ల అలవాటు. ఇదివరకు వేలు నల్లబడేది. ఈ మూడు నెలల్లో ఒక్కనాడూ మసి అంటలేదు. లియోనీ నమ్మలేక రెండో వేలితో మళ్లీ గీసేది.

పక్కింటి డోరిస్ కంచె దగ్గరికి వచ్చింది. మాల్టా నుంచి పెళ్లికూతురిగా వచ్చి, ఆ సొంత ఇంట్లోనే ముసలిదైన మనిషి. నలభై ఏళ్లకు మొన్ననే తెల్ల దుప్పట్లు ఆరుబయట ఆరేసుకుంది.

"అలా బిగుసుకుపోయావేమే? పరీక్ష గాలికి, నీకు కాదు."

"భయంగా ఉంది ఆంటీ."

"పిల్ల దగ్గుతోందా?"

"లేదు. హాయిగా పడుకుంటోంది."

"మరింకేం?"

లియోనీ చూపు వీధి అవతలికి పోయింది. ఎదుటి కాలిబాట మీద ఆమె ఇంటి యజమాని నిలబడి ఉన్నాడు. కప్పు కారుతోందని పదకొండేళ్లుగా మొరపెట్టుకున్నా తొంగిచూడని ఆ పెద్దమనిషి ఈ వారంలో రావడం ఇది మూడోసారి. వెంట తెచ్చిన ఇళ్ల బ్రోకరు చేత ఇంటికి ఫొటోలు తీయిస్తూ, ఆమెను చూసి మర్యాదగా చేయి ఊపాడు.

ఉద్యోగి పెట్టె విప్పి, ఒక కాగితం అందించాడు. పొగ సగానికి పైగా తగ్గిందని, లారీల నిషేధం శాశ్వతమైందని చెప్పాడు. డోరిస్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని కళ్లు తుడుచుకుంది. లియోనీ మాత్రం మెట్టు మీద కూలబడింది.

"ఆ లారీలు ఇప్పుడు ఎటు పోతున్నాయండీ?" అంది.

"రైలు పట్టాల అవతల, పాత తోళ్ల కర్మాగారం వీధి గుండా."

"అక్కడ అద్దె ఇళ్లేమైనా ఖాళీగా ఉన్నాయా?"