ఉరకని పిల్లి

“కుక్కను చూసి ఉరకని పిల్లి కావాలె మున్నా భాయ్. రేపు పొద్దుగాల్లకే కావాలె.”

నయాపూల్ దాటాక వచ్చే ఇరుకు గల్లీలో, పిట్టల పంజరాల మధ్య కూర్చున్న మున్నా నవ్వబోయి, రాజమణి ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె కార్వాన్ నుంచి వచ్చి ఏళ్లుగా వాళ్లింటికి పాలు పోసే మనిషి. వచ్చిందంటే గల్లీ చివరి దాకా వినిపించే గొంతు ఇవాళ పిట్టల గోలలో కలిసిపోయింది.

“ఏమైందమ్మా?”

“మా కుక్క షేరు మీద ఖూనీ కేసు పడ్డది.”

కేసు పెట్టింది పోలీసులు కాదు, గీతాంజలి. రాజమణి వాళ్ల ఇల్లూ, బర్రెల కొట్టమూ ఉన్న జాగా ఆవిడదే. పోయిన వారం ఆవిడ ముద్దుల పర్షియన్ పిల్లి చాందినీ మాయమైంది. మర్నాడు షేరు పడుకునే గోనె మీద రక్తం, షేరు మూతికి తెల్లబొచ్చు కనిపించాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? చాందినీ ఏసీ గదిలో పెరిగింది, షేరు వీధికుక్క. తీర్పు అక్కడికక్కడే వచ్చేసింది. రాజమణి భర్త బుచ్చయ్య షేరును పాల ఆటోలో ఎక్కించి రింగ్ రోడ్డు అవతల వదిలేసి రావాలి. లేదంటే జాగా ఖాళీ చెయ్యాలి.

మూసీ పొంగిన ఏడాది బురదలో దొరికిన కూన అది. దూడ తాగాల్సిన పాలు దాని నోట్లో పోసి బతికించింది రాజమణి.

“పిల్లిని తెచ్చి దాని ముందట వదులుత, ముట్టకుంటే మాఫ్ చెయ్యాలె అని గీతక్కను బతిమిలాడిన. సరే అన్నది.”

“మరి ముడితే?”

రాజమణి కొంగు కొసకు ముడి వేస్తూ, విప్పుతూ ఉండిపోయింది.

మున్నా పంజరాల కేసి తిరిగాడు. “కుక్క ఎప్పుడు ఎగబడ్తది? పిల్లి ఉరికితేనే. పర్షియన్ మెత్తగనే ఉంటది గాని కొత్త జాగల బెదురుతది. నాటుదైతే గోడెక్కుతది. ఇగో, ఈ సియామీ జాతి పిల్లికూనను చూడు. కుక్కలున్న ఇంట్లనే పుట్టింది. వాటి లెక్కనే మనిషెంబడి తిరుగుతది.”

“మగదా, ఆడదా?”

“మగదే. ఆడదాని జోలికి పోకమ్మా, మస్తు లొల్లి. ఈనిందంటే పిల్లల్ని నోట కరుచుకొని ఏడిండ్లు తిప్పుతది.”

“ఏడిండ్లు ఎందుకు భాయ్, నాకు ఉన్న ఒక్క ఇల్లు నిలబడితే చాలు,” అని రాజమణి బుట్ట అందుకుంది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి షేరు తోక ఊపుతూ ఎదురొచ్చింది. డొక్కలు లోపలికి పోయాయి. రాజమణి వేసిన రొట్టె తినకుండా నోట కరుచుకుని కొట్టం వెనక్కి వెళ్లిపోయింది. వారం నుంచీ ఇదే వరస. అక్కడ పగిలిన కుడితి తొట్టి ఒకటి గోడకు ఆనించి ఉంది, దాని మీద చినిగిన గోనెలు. అటు ఎవరు పోయినా షేరు గుర్రుమంటోంది. నిన్న బుచ్చయ్యనే కరవబోయింది.

“దాని గుణమే మారింది,” అన్నాడు బుచ్చయ్య. “ఖూన్ రుచి మరిగినంక కుక్క మన మాట ఇనది రాజీ.”

“నువ్వు గూడ గట్లనే అంటవా?”

బుచ్చయ్య తల దించుకుని తాడు వెతకడానికి లేచాడు.

తెల్లారింది. పాలు పితకడం అయ్యీ కాకముందే గీతాంజలి వచ్చి వాకిట్లో నిలబడింది. షేరును ఎగాదిగా చూసింది.

“తప్పు చేసినోళ్లకు అన్నం సయించదంటరు. ఎట్ల బక్కగైందో చూడు. నా చాందినీ పోయే ముందు ఎంత బొద్దుగైందో! ఎత్తుకుంటే చేతులు గుంజేటియి.” ఆవిడ కళ్లు నిండాయి. రాజమణికి కోపం రావాల్సింది, రాలేదు. బిడ్డలా సాకిన ప్రాణి పోతే ఎవరికైనా అంతే కదా.

“వదులు రాజమణీ. చూద్దాం నీ షేరు మంచితనం.”

రాజమణి బుట్ట మూత తీసింది. పిల్లి కూన బయటికొచ్చి, ఒళ్లు విరుచుకుని, షేరు ముందు చతికిలబడింది. మున్నా మాట నిజమే, అది ఉరకలేదు. షేరు చెవులు నిక్కబొడుచుకుని ఒక్కో అడుగూ వేస్తూ దగ్గరికొచ్చింది. వాసన చూసింది. కూన “మ్యావ్” అంది.

అంతే. షేరు దాని మెడ పట్టి లేపింది.

“చంపింది! చంపింది!” గీతాంజలి కేక పెట్టింది. బుచ్చయ్య కర్ర అందుకునేలోపే షేరు కూనతో కొట్టం వెనక్కి పరుగెత్తింది. అందరికంటే ముందు రాజమణే ఉరికింది.

తొట్టి ముందు షేరు అడ్డంగా నిలబడి ఉంది. నోరు ఖాళీ. పళ్లు బయటపెట్టి గుర్రుమంటోంది.

“జరుగు రాజీ, కరుస్తది!” బుచ్చయ్య కర్ర ఎత్తాడు.

“కరిస్తె కరవనీ. దాన్ని కొడితె మాత్రం నేనూరుకోను.” రాజమణి షేరు కళ్లలోకి చూసింది. “నాకు గూడ చూపియ్యవా బిడ్డా? ఏం చేసినవ్ రా?”

గుర్రు తగ్గింది. షేరు కాస్త పక్కకు తప్పుకుంది. రాజమణి గోనె కింద చెయ్యి పెట్టి తడిమి, చటుక్కున వెనక్కి లాక్కుంది. వేళ్లకు వెచ్చగా, తడిగా ఏదో తగిలింది.

“బతికుందా?” వెనక నుంచి గీతాంజలి ఏడుపు గొంతుతో అడిగింది.

రాజమణి గోనె లేపింది. షేరు వారం నుంచీ మోసుకొచ్చిన రొట్టెల ముక్కలు ముందు కనిపించాయి.

వాటి వెనక చాందినీ తన పిల్లలకు పాలిస్తూ, కొత్తదానికి కాస్త జరిగి చోటిచ్చింది.