సొలిహా పట్టుకొచ్చిన మేస్త్రీ

"రేపు పొద్దున జిప్సం షీట్లు దిగుతున్నాయి. సాయంత్రంలోగా నీ మట్టి సీలింగ్‌కెక్కితే సరే. లేదంటే షీట్లే!" అని సొలిహాకి తేల్చేసి ఆమె మొగుడు నోర్మత్ పనికి వెళ్లిపోయాడు.

ఒప్పుకున్న మట్టి మేస్త్రీ నడుం పట్టేసి మంచమెక్కాడు. పెరట్లో అడుసు మాత్రం నాలుగు రోజులుగా నానుతోంది.

సొలిహా బుఖారా బజారు పక్కనున్న కూలీల అడ్డాకి పరుగెత్తింది.

"సిమెంటు పనైతే చెప్పక్కా. మట్టి పనా? మా తాత బతికుంటే చేసేవాడు" అని కుర్రాళ్లు నవ్వారు.

బల్ల మీద కూర్చున్న ముసలాయన లేచాడు.

"నాకొచ్చు."

సొలిహా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది.

ఆయన అడుసు వాసన చూశాడు. "గడ్డి తక్కువేశావమ్మాయ్."

"పాఠాలు తర్వాత తాతా, ముందు నిచ్చెనెక్కు."

ఎక్కలేదు. గోధుమ గడ్డి తరిగించి, ఆమె చేతే తొక్కించి, అప్పుడు ఎక్కాడు. దూలాల మధ్య కట్టిన రెల్లు మీదికి ముద్దలు విసిరి అరచేత్తో సాపు చేయసాగాడు. మూడో ముద్ద జారి సొలిహా తలగుడ్డ మీద పడింది.

"కళ్లు కనిపిస్తున్నాయా తాతా?"

"సీలింగ్ కనిపిస్తోంది. మధ్యలో నువ్వే వచ్చావు."

మధ్యాహ్నం రొట్టె, టీ పెట్టింది. తిట్లు మాత్రం ఆపలేదు. ఈసారి వంతు షీట్ల షాపువాడిది.

"జులైలో ఆ షీట్ల కింద పడుకుంటే మనిషి పొయ్యిలో రొట్టెలా కాలిపోతాడు. వాడింట్లో వేసుకున్నాడా అవి?"

"వేసుకునే ఉంటాడు పాపం" అని ముసలాయన ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాడు.

సాయంత్రం నోర్మత్ వచ్చి తలెత్తి చూశాడు. ఎక్కడా ఒక్క గీత లేదు.

"ఇంత చల్లగా ఉందేంటే?" అంటూ నేల మీదే వాలిపోయాడు.

కూలి డబ్బులు తెచ్చేసరికి ముసలాయన లేడు.

మర్నాడు పొద్దున్నే షీట్లు వద్దని చెప్పడానికి ఇద్దరూ బయల్దేరారు. దారిలో అడ్డా దగ్గర ఆగి ఆయన కోసం అడిగారు. ఇంకో గదికీ మట్టి వేయించాలి కదా!

"రోజూ వచ్చి కూర్చుంటాడక్కా. సిమెంటు పనికి పిలిస్తే రాడు. పేరేంటో మాకూ తెలీదు."

షాపులో కుర్రాడు మొహం చిట్లించాడు. "లారీకి ఎక్కించేశాక వద్దంటే ఎలా? ఓనర్ ఒప్పుకోవాలి."

"ఎవరయ్యా ఆ ఓనర్? పిలువు, నేను మాట్లాడతా!" అని సొలిహా తలగుడ్డ బిగించింది.

"దింపించెయ్యరా, వాళ్ల సీలింగ్ నిన్ననే అయిపోయింది" అని లోపలి కుర్చీలోంచి, ఓనరైన తన కొడుక్కి చెప్పింది ఆ ముసలాయనే.