తప్పు లివర్‌దే

విమానం మళ్ళీ రన్‌వే దాటి బురదలోకి దూసుకుపోయింది.

మోహనకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు. కంప్యూటర్ తెరమీద విమానం అద్దాల నిండా వాన కారుతోంది. స్పీకర్లలో ఇంజిన్ల మోత సన్నబడి ఆగిపోయింది.

"చూశావా సత్యా, లివర్ పూర్తిగా లాగాను. అయినా రివర్స్ రాలేదు. తప్పు లివర్‌దే" అన్నాడు వంటింటి వైపు తిరిగి, కాస్త గట్టిగానే.

లోపల భార్య కడుగుతున్న గిన్నెల చప్పుడు ఆగింది.

అతనికి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. రెండువేల ఐదులో ఆ వానాకాలం వచ్చేదాకా కంప్యూటర్‌లో పేకముక్కలాట తప్ప మరొకటి ఎరగడు. అలాంటివాడు ఉన్నట్టుండి విమానం నడిపే ఆట సీడీ తెచ్చాడు. మద్దిలపాలెం షాపులన్నీ తిరిగి, ఇంజిన్ లివర్ ఉన్న పెట్టె ఒకటి కొన్నాడు. ప్లాంటుకి సెలవు పెట్టి మరీ దాని ముందు కూర్చున్నాడు.

విమానం నేలని తాకగానే ఆ లివర్‌ని బాగా వెనక్కి లాగాలి. ఇంజిన్ల బలం ఎదురు తిరిగి వేగాన్ని చంపుతుంది. అదే రివర్స్. అదొక్కటీ రావడం లేదు.

వీధి మొగలో పక్కింటి గురునాథరావు ఎదురుపడి, "ఏమయ్యా, మీ విమానం ఇవాళైనా ఆగిందా?" అని నవ్వాడు. మోహనకృష్ణకి చెవులు కాలినట్టయింది. ఆ రోజునుంచి వెనక సందులోంచి ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

శ్రీసత్య అసలు గడపే దాటడం లేదు. పాలు పోసే పోతమ్మ పిలిస్తే తల్లిని పంపిస్తోంది. అనకాపల్లిలో పినతల్లి కూతురి పెళ్ళికి చీర కొనుక్కుని కూడా వెళ్ళలేదు. "అందరూ అదే అడుగుతారమ్మా. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అంది.

కూతురికి తోడుగా వచ్చి ఉంటోంది నాగమణి. ఇన్నాళ్ళూ అల్లుడి ముందు నోరు మెదపలేదు. ఆ వేళ ఆగలేకపోయింది.

"ఏటి బాబూ ఇది? అది పదిమందిలో తలెత్తుకోనేక లోపల కూకుని ఏడస్తంటే, మీరిక్కడ విమానాలాట ఆడతన్నారా? ఆ మోత ఇనిపిస్తే దాని పేణం ఎలాగుంటాదో ఒక్కసారన్నా ఆలోసించేరా?"

మోహనకృష్ణ తల దించుకున్నాడు. లేచి వీధివైపు కిటికీలు మూశాడు. స్పీకర్ల మోత తగ్గించాడు. ఆట మాత్రం మానలేదు.

మర్నాడు అతని స్నేహితుడు యోహాన్ వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు. పెట్టె విప్పి చూశాడు. లివర్‌ని ముందుకీ వెనక్కీ ఆడించాడు.

"లివర్ బానే ఉంది బావా. దీనికి ఏటీ అవనేదు."

"సరిగ్గా చూడు యోహాన్. యంత్రం కదా, ఒక్కోసారి మాట వినకపోవచ్చు."

"నాను సెప్తన్నాను గదా! తప్పు దీంది కాదు. సివరికంటా లాగితే ఇంజిన్ నెమ్మదించాలని పెట్టేసేవు నువ్వు. ఇంకా రివర్స్‌కి సోటేదీ? నెమ్మదించే సోటు కాసింత ముందుకి జరిపి, దాని ఎనకాలదంతా రివర్స్‌కి ఒగ్గెయ్యాలి."

సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ మార్పు చేశాడు. తెర వంక చూసి, "ఎప్పుడూ ఈ వానేటి బావా? ఎండ పెట్టుకోవచ్చు గదా?" అన్నాడు.

"వద్దు. వానే ఉండనీ."

యోహాన్ తానే విమానం దించాడు. చక్రాలు నేల తాకాయి. లివర్ వెనక్కి లాగాడు. ఇంజిన్లు ఒక్కసారిగా గర్జించాయి. విమానం రన్‌వే సగంలోనే నిలబడిపోయింది.

"సూసేవా? సెయ్యేసి లాగితే ఎందుకు రాదు?" అని నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు.

పని అయిందన్న సంతోషం మోహనకృష్ణ మొహంలో లేదు. చెయ్యకూడనిదేదో చేసినవాడిలా తెర వంకే చూస్తూ కూర్చున్నాడు.

వెనక అలికిడైంది. గుమ్మంలో శ్రీసత్య. ఎప్పుడొచ్చి నిలబడిందో! యోహాన్ మాటలన్నీ విన్నట్టే ఉంది.

అతను గబుక్కున తెర ఆర్పబోయాడు.

"అత్తయ్యగారు అన్నది నిజమే సత్యా. నాకు బుద్ధిలేకపోయింది. రేపే ఇదంతా తీసేస్తాను."

"ఉండనివ్వండి."

ఆ పెట్టె వచ్చాక ఆమె ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. వచ్చి అతని పక్కన కూర్చుంది. లివర్ మీద చెయ్యి వేసింది. మెల్లగా వెనక్కి లాగింది. ఇంజిన్లు గర్జించాయి. వదిలేసింది. మళ్ళీ లాగింది. మళ్ళీ గర్జించాయి.

నాగమణి గుమ్మం దాకా వచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగిపోయింది.

"దీని తప్పేం లేదండీ" అంది శ్రీసత్య.

"ఇది ఆటబొమ్మ సత్యా. దీన్ని చూసి నువ్వు..."

అతని మాట పూర్తికాలేదు. ఆమె తల ఎత్తింది. ఇన్నాళ్ళకి అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"సోమవారం విచారణలో లివర్ పనిచెయ్యలేదని మళ్ళీ అబద్ధం చెప్పలేనండీ, ఆరోజు వానలో నేను నడిపిన విమానంలో, నా వెనక అరవై మంది ప్రయాణికులుండగా, నా చెయ్యి అసలు దాని మీదికే వెళ్ళలేదు."