ముందు కోన్లు, తర్వాత స్టీరింగు

“నన్ను రెండో గ్రూపులో వేశావట! అది కాదు డాక్టరమ్మా, అసలు నేను...”

“వేశాను బాబాయ్. ఇక మాట్లాడకు. ఆ నారింజ చొక్కా తొడుక్కుని మూడో మలుపు దగ్గరికి నడువు.”

ఎదుటివాళ్ల చేత నోరు తెరిపించడమే తప్ప, మాట్లాడనివ్వడం ఆ పళ్ల డాక్టరుకు అలవాటు లేదు. వారమంతా పళ్లు పీకే ఆవిడ, సెలవురోజు ఈ కార్ల పోటీకి గ్రూపులు వేస్తుంది. ఖాళీ పార్కింగు స్థలంలో రోడ్ల మీద పెట్టే ప్లాస్టిక్ కోన్లు నిలబెడతారు. వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఒక్కో కారూ పోవాలి. తక్కువ సమయంలో చుట్టి వచ్చినవాళ్లు గెలిచినట్టు. ఒక గ్రూపు నడుపుతుంటే ఇంకో గ్రూపు ఎండలో నిలబడి, పడిన కోన్లు లేపాలి. ఆ తర్వాత తారుమారు.

కిందటిసారి మొదటి గ్రూపువాళ్లు తమ ముచ్చట తీర్చుకుని చల్లగా జారుకున్నారు. కోన్లెత్తే దిక్కులేక రెండో గ్రూపు కార్లు కదలనే లేదు. కొత్తగా చేరిన టైలరమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ ముఖం డాక్టరమ్మను ఇంకా వదల్లేదు. ఈసారీ ఇంతే అయితే క్లబ్బు మానేస్తామని సగం మంది మొహం మీదే చెప్పేశారు. అందుకే ఆవిడ పట్టుబట్టింది. మాట మీద నిలబడేవాళ్లంతా మొదటి గ్రూపు. ఎగ్గొట్టేవాళ్లూ, కొత్తగా చేరినవాళ్లూ రెండో గ్రూపు. వాళ్లకు ముందు కోన్లు, తర్వాతే స్టీరింగు.

ఎగ్గొట్టేవాళ్లలో పెద్ద తలకాయ బాబాయే. తన వంతు నడిపిన మరుక్షణం కనబడడు కనుక, చాటుగా అందరూ ఆయన్ని మాయం బాబాయి అంటారు. పొద్దున గేటు దగ్గర ఆయన తల కనబడగానే డాక్టరమ్మ రెండో గ్రూపులో పేరు చేర్చేసింది. అడగను కూడా అడగలేదు.

“నా మాట కొంచెం విను తల్లీ. ఇవాళ నాకు...”

“నడుం నొప్పా?”

“నడుం గుండ్రాయిలా ఉంది. కానీ ఇంటి దగ్గర...”

“చుట్టాలొచ్చారా? రానీ. నువ్వు లేకపోయినా కబుర్లు చెప్పుకుంటారు.”

“అయ్యో, అది కాదమ్మా...”

“బాబాయ్! కోను ఎత్తందే ఇవాళ నిన్ను కదలనివ్వను. అంతే!”

బాబాయి నోరు తెరిచాడు, మూశాడు, నారింజ చొక్కా తొడుక్కున్నాడు.

డాక్టరమ్మ ఆయన మీద ఓ కన్నేసి ఉంచింది. మొదట గుంజకు కట్టేసినట్టు నిలబడ్డాడు. నాలుగు కార్లు పోయేసరికి ఒంట్లోకి హుషారొచ్చింది. కోను పడితే చాలు, పరుగున వెళ్లి లేపి, “మూడో మలుపు, ఒకటి పడింది!” అని చేతిలోని వాకీటాకీలో కేక పెడుతున్నాడు. బేకరీ ఆయన మలుపు అందంగా తిప్పితే చప్పట్లు కూడా కొట్టాడు. ఈ మనిషిని ఇన్నాళ్లూ ఊరికే వదిలేశామే అని డాక్టరమ్మకు ఉక్రోషం వచ్చింది.

గ్రూపులు మారాయి. మొదటి గ్రూపువాళ్లు ఒక్కరు తగ్గకుండా కోన్ల దగ్గరికి నడిచారు. టైలరమ్మాయి అందరికంటే ముందు బయల్దేరి, రెండు కోన్లు పడగొట్టి, పగలబడి నవ్వుతూ తిరిగొచ్చింది. డాక్టరమ్మకు కడుపు నిండినట్టయింది.

ఆఖరి వంతు బాబాయిది. పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. వరసలో కారూ లేదు, మనిషీ లేడు.

“మళ్లీ చెక్కేశాడు!” అని పళ్లు నూరుతూ గేటు వైపు పరిగెత్తబోయి ఆగింది. బాబాయి మూడో మలుపు దగ్గరే ఉన్నాడు. చెమటలు కక్కుతూ, వంగి కోను సర్దుతున్నాడు.

“నీ పని అయిపోయింది బాబాయ్! ఇక నీ వంతు. కారు తీసుకురా, అందరూ నీకోసమే చూస్తున్నారు.”

బాబాయి నడుం నిటారు చేసి, గేటు వైపు బెరుకుగా చూశాడు.

“కారు అమ్మేసి నెల దాటిందమ్మా. పొద్దున మీ పిన్ని పాలకు పంపితే, దారే కదా, మిమ్మల్నందర్నీ ఓసారి చూసి పోదామని తొంగిచూశాను.”