ఉగార్తే నేర్పిన కార్నర్

“గీ మ్యాచ్ సుత పోతే క్లబ్బు మూసేస్తా బ్యూలమ్మా. ఇగ నాతోని కాదు. మీ సార్‌కి జెర అర్థమయ్యేటట్టు చెప్పు” అన్నాడు పర్వతాలు.

సికింద్రాబాద్‌లోని లాలాగూడ బ్లూస్ ఫుట్‌బాల్ క్లబ్బుకు పర్వతాలు యజమాని. బ్యూలా పద్మారావు నగర్ అమ్మాయి. యూనివర్సిటీలో స్పానిష్ చదివి, ఆ క్లబ్బులో దుబాసీగా చేరింది. సార్ అంటే, స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ ఫెర్మిన్ ఉగార్తే.

బ్యూలా చెప్పింది. ఉగార్తే తల ఊపి, కోన్లు సర్దడానికి వెళ్ళిపోయాడు.

ఆయన మామూలు మనిషి కాదు. తన దేశంలో రెండు చిన్న ఊళ్ళ జట్లను పెద్ద లీగు దాకా లాక్కొచ్చాడు. ఒక జట్టును కప్పు ఫైనల్‌కి చేర్చి చివరి నిమిషంలో ఓడాడు. ఆ తర్వాత గ్రీస్, మెక్సికో, ఖతార్. వెళ్ళిన ప్రతిచోటా ముందటికన్నా తొందరగా పంపించేశారు. అయినా అంతటివాడు లాలాగూడకు ఎందుకొచ్చాడో ఎవరికీ అంతుబట్టలేదు. ఆయన భార్య పిలార్‌ని అడిగితే, దూరంగా ఎక్కడికైనా వెళ్దామనుకున్నామని మాత్రం చెప్పింది.

వచ్చినప్పుడు పూలదండలు వేశారు. నాలుగు మ్యాచ్‌లు ఓడగానే గొణగడం మొదలుపెట్టారు. మన పేర్లకు ఆయన నోరు తిరగదు. ఆటగాళ్ళలో తిరుమల్‌ని మిగేల్ అనేవాడు, హరికిషన్‌ని ఒకరోజు పాకో అని, ఇంకోరోజు ఇంకేదో అని పిలిచేవాడు. కుర్రాళ్ళు నవ్వుకుని ఆ పేర్లకే పలికేవారు. ఓటమి గురించి విలేకరులు అడిగితే ఎప్పటిదో ఆ కప్పు ఫైనల్ గురించి చెప్పుకుపోయేవాడు. జవాబు దాటేస్తున్నాడని పేపర్లు రాశాయి. మ్యాచ్ జరుగుతుంటే పిలార్ బెంచీ వెనకే కూర్చునేది. ఆటగాణ్ణి మార్చాలన్నా ఆయన ఒకసారి వెనక్కి తిరిగి ఆమె మొహం చూసేవాడు. స్టాండులో దాని మీద కూడా జోకులు పడ్డాయి.

కెప్టెన్ హరికిషన్‌కి విసుగొచ్చింది. “మేడం, రోజూ గదే కార్నర్ కిక్ చేయిస్తున్నడు. గదే దగ్గరి పోస్టు, గదే పరుగు. నిన్న చేసిందే ఇయ్యాల. వేరే ఏమన్న నేర్పమనండి” అని మొర పెట్టుకున్నాడు.

బ్యూలా ఆ మాట అందించింది. ఉగార్తే శ్రద్ధగా విన్నాడు, న్యాయమేనన్నాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే కార్నర్.

జట్టు పట్టికలో అడుగుకు చేరింది. ఇక మిగిలింది ఒక్క మ్యాచ్. గెలిస్తేనే లీగులో ఉంటారు. డ్రా అయినా ఇంటికే.

ముందు రోజు సాయంత్రం బ్యూలాని సైనిక్‌పురిలోని తమ ఇంటికి పిలిపించుకుంది పిలార్. టీ ఇచ్చింది, తాను తాగలేదు. ఉగార్తే పెరట్లో ఒక్కడే బంతిని గోడకేసి కొడుతున్నాడు. పిలార్ కిటికీలోంచి ఆయన్నే చూస్తూ నిలబడింది. తర్వాత బ్యూలా చెయ్యి పట్టుకుంది.

“రేపు ఎలాగైనా గెలవాలమ్మా. ఆయన్ని ఇంకెవరూ తీసుకోరు. మైదానం లేకుండా ఇంట్లో కూర్చోబెడితే ఆయన నాకు మిగలడు” అంది.

మగవాళ్ళు ఉద్యోగం పోతే ఎలా కుంగిపోతారో బ్యూలా తన ఇంట్లోనే చూసింది. ధైర్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చింది.

మ్యాచ్ మొదలైన కాసేపటికే గోల్ పడింది, మనవాళ్ళ మీద. విరామంలో డ్రెస్సింగ్ రూమ్ చావు ఇల్లులా ఉంది. తిరుమల్ మొహం మీద తువ్వాలు కప్పుకుని ఏడుస్తున్నాడు. బయట పర్వతాలు ఎవరినో ఫోన్‌లో తిడుతున్నాడు. అందరూ ఉగార్తే వైపే చూశారు. ఆయన ఒక్కొక్కరి మొహం దగ్గర ఆగి, చాలాసేపు చూసి, మెల్లగా ఏదో అన్నాడు. బ్యూలా తెలుగులో చెప్పింది.

“మీరు ఆడుతుంటేనే నేనెక్కడున్నానో నాకు తెలుస్తుంది. ఆడండి.”

హరికిషన్ లేచి తిరుమల్ మొహం మీది తువ్వాలు తీసేశాడు.

రెండో సగంలో ప్రాణాలకు తెగించి ఆడారు. ఎలాగో ఒక గోల్ వేసి సమం చేశారు. అది చాలదు. గడియారం పరిగెడుతోంది. స్టాండులో జనం లేచి వెళ్ళిపోవడం మొదలైంది. పిలార్ కళ్ళు మూసుకుంది. ఉగార్తే గీత పక్కన అటూ ఇటూ నడుస్తూ, చేతులతో గాలిలో దారులు గీస్తూ, మిగేల్, మిగేల్ అని గొంతు చించుకుంటున్నాడు.

అప్పుడు కార్నర్ దొరికింది.

హరికిషన్ తలెత్తి కూడా చూడలేదు. చూడాల్సిన పని లేదు. నెలల తరబడి కొట్టి కొట్టి కాలికి అలవాటైన దెబ్బ. బంతి దగ్గరి పోస్టుకి వచ్చే లోపే తిరుమల్ అక్కడున్నాడు. తల తాకింది. వల ఊగింది.

తర్వాత ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో తెలియదు. ఉగార్తేని భుజాల మీద మోశారు. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. పర్వతాలు దండ వేసి, ఇంకో రెండేళ్ళు నువ్వే సార్ అని మైకులో చెప్పేశాడు. బ్యూలా అది స్పానిష్‌లోకి మార్చి చెబితే ఉగార్తే పర్వతాలు చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. పిలార్ మాత్రం బెంచీ మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేకపోతోందని అందరూ అనుకున్నారు.

జనం వెళ్ళిపోయారు. ఆటగాళ్ళు స్నానాలకు వెళ్ళారు. ఖాళీ మైదానం వైపు కంగారుగా చూస్తూ ఉగార్తే బ్యూలా దగ్గరికి వచ్చాడు.

“మనవాళ్ళు ఇంకా రాలేదేమ్మా, మ్యాచ్ మొదలయ్యే వేళైంది కదా?” అని అడిగాడు.