గిన్నెలో మిగిలిన వినికిడి

"నా మిషన్ పోయింది!" అని కేకపెట్టాడు టోర్కెల్.

"మీసం పోయిందా? ఉందిగా, మూతి మీదే!" అన్నాడు బోర్యె మామ, తువ్వాలు బిగించుకుంటూ.

తప్పు మామది కాదు. ఆయన మిషన్ ఇంకా గిన్నెలోనే ఉంది.

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ సముద్రపు ఒడ్డు. ఎముకలు కొరికే చలిలో, ఎముకలతో వినేవాళ్ల సంఘం వారం వారం అక్కడి స్నానాల ఇంట్లో చేరుతుంది.

అందరికీ చెవి వెనక పుర్రెలో టైటానియం మేకు. దానికి టక్కున తగిలి, శబ్దాన్ని ఎముక గుండా లోపలికి పంపే బుల్లి మిషన్. ఆ రోజుల్లో అన్నీ ఒకే మూస.

ఆవిరిగదిలోకి వెళ్లేముందు బట్టలతోపాటు వినికిడి కూడా విప్పి, బయట బల్లమీది గిన్నెలో పెట్టాలి.

మామ తనది తగిలించుకున్నాడు.

"ఇప్పుడు చెప్పరా," అని చేత్తో సైగ చేశాడు.

"నాది లేదు మామా! కాసేపట్లో పడవ ఉద్యోగానికి పరీక్ష!"

ఓడల కార్ఖానా మూతపడ్డాక టోర్కెల్‌కి వచ్చిన మొదటి పిలుపు అది. ఉన్నది ఒకటే ఖాళీ. వాకీటాకీలో కెప్టెన్ మాట అందకపోతే, ఆ ఖాళీ కూడా ఖాళీ.

అందరూ ఎవరిది వాళ్లు తీసుకున్నారు. గిన్నెలో ఒకటి మిగిలింది. గీతలు పడ్డ పాతది.

"ఆ కొత్తాయన పనే!" మామ టోర్కెల్ మొహంలో మొహం పెట్టి అరిచాడు. "ముందే లేచి పోయిన బట్టతలాయన! మళ్లీ తలుపు తీసి, చలిగాలంతా లోపలికి తోలి, ఏదో నోరాడించాడే! తన పాతది పడేసి నీ కొత్తది కొట్టేశాడు."

"చెవిటివాడి చెవే కాజేస్తాడా! కనపడనీ, వాడి చెవి మెలేస్తాను."

తిట్టుకుంటూనే పాతది తగిలించాడు. పక్కనున్న చక్రం తిప్పాడు. అలల హోరు తలలోకి దూకింది.

పరుగున రేవుకి వెళ్లాడు. వెనకే రొప్పుతూ మామ.

కెప్టెన్ గున్‌వోర్ అతని చేతికి వాకీటాకీ ఇచ్చి, పడవ నడిపే పైగదిలోకి ఎక్కింది. ఇంజను రంకె వేసింది. వాకీటాకీలో ఆమె మాట:

"ముందు తాడు వదులు."

వదిలాడు.

"వెనకది కూడా... ఆగు! వదలొద్దు!"

టోర్కెల్ చెయ్యి తాడుమీదే బిగుసుకుపోయింది. పడవ ముక్కు గట్టును రాసుకోబోయి, ఆగింది.

గున్‌వోర్ కిందికి దిగింది.

"సోమవారం పనిలోకి వచ్చెయ్."

"చూశావా మామా! దొంగ పారేసిన దాంతోనే గెలిచాను. ఆ వెధవ గానీ కనపడితే..."

గున్‌వోర్ జేబులోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టి చూపించింది. పగిలిన పెంకు, లోపల నలిగిన తీగలు.

"ఇది నీదేనా?"

"నాదే! ఎలా పట్టుకున్నారు వాణ్ణి?"

"పట్టుకోలేదు. ఆయనే ఇచ్చి వెళ్లాడు. గిన్నెలో కొత్తది నీదొక్కటేనట, తనది తీసుకుంటుంటే అదే జారిపడిందట. తడినేల మీద ఆయన మడమ కిందే నలిగిందట. తలుపు తీసి ఎంత అరిచి చెప్పినా లోపల ఒక్కరూ పలకలేదట."

మామ తల దించుకున్నాడు.

"వినేవన్నీ గిన్నెలో ఉంటే, పాపం ఎవరికని విన్నవించుకుంటాడు!"

"నీ పరీక్ష సంగతి పొద్దున నువ్వే అందరికీ చాటావటగా. అందుకని తనది నీకు వదిలేశాడు," అంది గున్‌వోర్ టోర్కెల్‌తో.

"ఎక్కడున్నాడు?"

రేవు దాటుతున్న మరో పడవకేసి వేలు చూపించింది గున్‌వోర్. అంచు కమ్మీ పట్టుకుని నిలబడ్డ ఒక బట్టతల.

టోర్కెల్ గట్టు చివరిదాకా పరిగెత్తాడు.

"అన్నా! ఓ అన్నా!"

ఆ తల ఇటు తిరగలేదు.

"ఇంతకీ ఆయన ఇక్కడికెందుకొచ్చాడమ్మా?" అనడిగాడు మామ.

"పరీక్షకే. ఇతనికంటే ముందు పిలిచింది ఆయన్నే. వాకీటాకీలో నా మాట ఒక్కటీ అందక, 'నా తర్వాత వచ్చేవాడు బాగా వింటాడు లెండి' అని నవ్వి వెళ్లిపోయాడు."