దుప్పటి కింద

"అక్కా, ఆయనొచ్చేశాడు!"

కిటికీ ఊచలు పట్టుకుని పేషెంటు కిందికి చూస్తోంది. నర్సు తొంగి చూసింది. కింద, పేషెంట్లను చూడడానికి వచ్చినవాళ్ళను తోసుకుంటూ వస్తున్నాడు ఆమె మొగుడు. చొక్కా కింద నడుం దగ్గర ఏదో దోపుకున్నాడు. దాని మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"ఈసారి చంపేస్తాడక్కా." వాడు నులిమిన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

నర్సు ఫోన్ చేసింది. పోలీసులు బయల్దేరుతున్నామన్నారు. వాచ్‌మన్ అసలు ఎత్తనేలేదు. డ్యూటీ దిగి, చీర మార్చుకుని ఇంటికి పోబోతున్న నర్సు, సంచీలోంచి యూనిఫాం లాగి పేషెంటు మీదికి విసిరింది.

"ఇది వేసుకో. మాస్కు పెట్టుకో. వెనక మెట్ల మీంచి తల వంచుకుని వెళ్ళిపో."

"మరి నువ్వు?"

"మంచం ఖాళీగా కనిపిస్తే నీ వెనకే పరిగెత్తడూ? నడువు తల్లీ!"

ఆమె అటు వెళ్ళగానే నర్సు మంచమెక్కి, దుప్పటి తలమీదుగా ముసుగెట్టింది. చేతికందిన కత్తెర గుప్పిట్లో బిగించింది. చల్లటి ఇనుము చెమటకు జారిపోతోంది. కోరి కొరివితో తల గోక్కున్నానా? పిల్లలు బడి నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంటారు...

తలుపు కిర్రుమంది.

అడుగులు మంచం దాకా వచ్చి ఆగాయి. ఎగపోస్తున్న ఊపిరి తల మీదే వినిపిస్తోంది. ఓ చెయ్యి దుప్పటి పట్టుకుంది. దుప్పటి లేచింది. నర్సు కెవ్వుమని కత్తెర ఎత్తింది.

"అక్కా, నేనే!"

యూనిఫాంలో పేషెంటు.

"వెళ్ళలేదటే? వాడేడీ?"

"మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. 'నర్సమ్మా, నా పెళ్ళాం ఏ గదిలో ఉంది' అని నన్నే అడిగాడు."

"గుర్తుపట్టలేదూ?"

"ఏనాడైనా నా మొహంలోకి చూస్తే కదా!" ఆమె మాస్కు కిందికి లాగింది. "ఆవిడ పోయిందండీ అన్నాను. దగ్గరుండి శవాల గదిలోకి పంపించి, బయట గడియ పెట్టేసి వచ్చానక్కా."